వాతావరణం కింద రాసిన మనుషులు

షోకోకి అన్నిటికంటే పెద్ద భయం, తన బిడ్డని ఎవరో వచ్చి ఎత్తుకుపోతారని.

మిగతా భయాలు లేవని కాదు. పిల్ల తుమ్మితే జ్వరమేమోనని భయం, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని భయం. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేది. ఆ వేలు తగిలి పిల్ల లేచి గుక్కపెడితే, హమ్మయ్య, బాగానే ఉంది అనుకునేది.

"నువ్వు పిల్లని పెంచుతున్నట్టు లేదే, కాపలా కాస్తున్నట్టుంది," అనేది అత్త తెయా. తెయా ఏడుగురిని కని పెంచింది. ఆవిడ భయాలన్నీ మూడో కాన్పుకే అరిగిపోయాయి.

పిల్ల పేరు ఎలో. వాళ్ల మాటలో లేత మొక్కజొన్న కంకి అని అర్థం. ఆరు నెలలది. ఊరు సముద్రానికి దగ్గరగా ఏటి ఒడ్డున ఉంది. ఎండాకాలం మగవాళ్లంతా జింకల వేటకి కొండలెక్కేవారు. స్పెయిన్ రాజుగారి దండు ఓడ దిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అరవై మంది సైనికులు, పదకొండు గుర్రాలు, ఒక పాద్రీ, ఒక లేఖరి. అందరికీ ముందు దళపతి దోన్ గాస్పార్. ఆయన గడ్డం ఆయనకంటే ఒక అడుగు ముందు నడిచేది.

ఆ వచ్చినవాళ్ల భాష ఊళ్లో తెలిసినది షోకో ఒక్కతే. ఆమె పుట్టిల్లు దక్షిణాన, పది రోజుల నడక. చిన్నప్పుడు అక్కడ పాద్రీల బడికి మూడేళ్లు వెళ్లింది. మాటలు త్వరగానే పట్టుబడ్డాయి. మతం సంగతికొస్తే, పద్నాలుగు విశ్వాస సూత్రాల్లో పదకొండు అప్పజెప్పింది. పన్నెండోది మొదలుపెట్టే వేళకి తల్లి పోయింది, తమ్ముళ్లని చూడాల్సి వచ్చి బడి మానేసింది. పద్నాలుగూ రాకపోతే బాప్తిస్మం ఇవ్వరు. అందుకని షోకోకి ఇవ్వలేదు. అది ఇంత దూరం వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు!

దండుతో వచ్చిన మెల్చోర్ పాద్రీకి ఒక తొందర ఉంది. నేలని స్వాధీనం చేసుకునే లోపు కనీసం ఒక్క ఆత్మనైనా ఉద్ధరించినట్టు నివేదిక పంపాలి. పెద్దవాళ్లకైతే నలభై రోజుల పాఠం చెప్పాలి. పసిపిల్లలకి నీళ్లు చాలు. అందుకని వచ్చిన సాయంత్రమే ఆయన చెంబు పట్టుకుని షోకో వాకిట్లో నిలబడ్డాడు.

షోకో పిల్లని గుండెలకి అదుముకుంది.

"పోయనీవే," అంది తెయా. "ఎండకి పిల్లకి ఒళ్లంతా చెమటకాయలు. ఊరికే నీళ్లు పోస్తానంటే కాదంటావేంటి?"

పాద్రీ పోశాడు. పిల్ల నవ్వింది. "మరియా ఇనేస్," అన్నాడు పాద్రీ. లేఖరి బెర్నాల్దినో ఆ పేరు రాసుకుని ఇసుక చల్లి ఆరబెట్టాడు. బెర్నాల్దినో సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మర్చిపోయానేమో అన్నట్టు ఉండే మనిషి. ఆయన దగ్గర రాజముద్ర వేసిన చెక్కపెట్టె ఒకటుంది. అందులో రాజుగారి ఆదేశాలు నూటముప్పై ఒకటి. అన్నం తినేటప్పుడు కూడా ఆయన ఎడమచెయ్యి ఆ పెట్టెమీదే ఉండేది.

మర్నాడు పొద్దున్నే స్వాధీన ప్రక్రియ.

ఊరిని ఏటి ఒడ్డున నిలబెట్టారు. దోన్ గాస్పార్ కత్తి దూసి, పక్కనే ఉన్న జామచెట్టు కొమ్మ ఒకటి నరికాడు. వంగి గుప్పెడు గడ్డి పీకాడు. ఏటి నీళ్లు దోసిట్లో పట్టి తాగాడు. మూడు రాళ్లు మూడు వైపులకి విసిరాడు. ఇటు యాభై అడుగులు, అటు యాభై అడుగులు నడిచాడు. ఇంత చేస్తే చాలు, కనిపించినంత మేరా కనిపించని కొండల అవతలి వరకూ నేల రాజుగారిది అయిపోతుందట.

ఆ జామచెట్టు తెయాది.

"ఒరే గడ్డపోడా! కాపుకొచ్చిన కొమ్మరా అది! నీ చేతులు పడిపోను, నీకు నరకడానికి మీ ఊళ్లో చెట్లు లేవా? ఓడెక్కి వచ్చి మరీ నరకాలా?"

షోకో భయపడుతూనే లేఖరి దగ్గరకి వెళ్లింది. "అయ్యా, మా అత్త వద్దంటోంది."

"ఎవరు?" అన్నాడు బెర్నాల్దినో.

"అదిగో, ఆవిడ."

బెర్నాల్దినో తెయావైపు తిన్నగా చూశాడు. తెయా అప్పటికి ఆయన ముక్కుకి జానెడు దూరంలో నిలబడి తిడుతోంది.

"అక్కడ ఎవరూ లేరు," అన్నాడాయన మర్యాదగా. "కొంచెం గాలిగా ఉంది." పెట్టె తెరిచి చదివి వినిపించాడు. "ఆదేశం ఇరవై ఏడు. బాప్తిస్మం పొందిన ప్రజల నుండి వచ్చు అభ్యంతరములను మాత్రమే అభ్యంతరములుగా స్వీకరించవలెను. బాప్తిస్మం పొందనివారి నుండి వెలువడు ధ్వనులను సదరు దినపు వాతావరణ వివరముల కింద నమోదు చేయవలెను."

అని, దినచర్య పుస్తకంలో రాశాడు: ఉదయం నిర్మలం. తూర్పు నుండి ఈదురుగాలి.

"ఏమంటాడే?" అంది తెయా.

"నువ్వు గాలివంట అత్తా."

"వాడి మొహం!"

లేఖరి ఇంకో పదం చేర్చాడు: తీవ్రం.

తర్వాత గొంతు సవరించుకుని ప్రకటించాడు. "ఇందుమూలముగా సమస్తమైనవారికీ తెలియజేయడమేమనగా, ఈ స్వాధీనమునకు అభ్యంతరము గలవారు ఎవరైనను ఉన్నారా? ఒకటోసారి." ఊరంతా అరిచింది. గాలి. "రెండోసారి." ఇంకా గట్టిగా అరిచింది. గాలే. "మూడోసారి."

అరిచి అరిచి ఊరు ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. ఆ నిశ్శబ్దంలో షోకో చంకలో ఉన్న ఎలో, దళపతి గడ్డం చూసి, పెదవి విరిచి, గుక్కపెట్టి ఏడ్చింది.

బెర్నాల్దినో కలం ఆగిపోయింది.

"ఏమైంది? ముగించు," అన్నాడు దోన్ గాస్పార్.

"అభ్యంతరం వచ్చింది దొరా."

"ఎక్కడ?"

"చంకలో."

"అది పసిగుడ్డు!"

"సదరు పసిగుడ్డు నిన్న సాయంత్రం నుంచి రాజుగారి ప్రజ. వివరంగా చెప్పాలంటే, ఈ నేలమీద రాజుగారికి ఉన్న ఏకైక స్థానిక ప్రజ."

"ఆకలేసి ఏడ్చిందయ్యా!"

"కారణాలు విచారణలో తేలతాయి. ఏడుపు మాత్రం దస్త్రానికి ఎక్కింది."

దళపతి పాద్రీవైపు చూశాడు. పాద్రీ ఆకాశంవైపు చూశాడు. బాప్తిస్మం వెనక్కి తీసుకునే పద్ధతి లోకంలో ఎక్కడా లేదు.

సాయంత్రం మళ్లీ పెట్టుకున్నారు. పిల్ల నిద్రపోతోంది. దోన్ గాస్పార్ మునివేళ్లమీద నడిచి, కొమ్మని చప్పుడు కాకుండా విరిచి, రాళ్లని విసరకుండా నెమ్మదిగా నేలమీద పెట్టాడు. బెర్నాల్దినో తల అడ్డంగా ఊపాడు. "నిద్రించువారు హాజరు కానివారితో సమానం. మేలుకుని ఉండాలి, మౌనంగా ఉండాలి."

ఆరు నెలల పిల్ల మేలుకుని మౌనంగా ఉండటమంటే ఏమిటో పిల్లల్ని కన్నవాళ్లకి తెలుసు. దోన్ గాస్పార్‌కి తెలియదు. ఏడు నగరాలు జయించిన ఆ మనిషి, సొరకాయ బుర్రలో గింజలు పోసి గిలక్కాయ చేయించి, షోకో వాకిట్లో చతికిలబడి ఆడించాడు. ఇనుప టోపీ తీసి డప్పు వాయించాడు. పిల్ల ఆయన గడ్డం చూసినప్పుడల్లా ఏడుపు లంకించుకుంది. మూడో రోజు ఆయన కన్నీళ్లు పెట్టుకుని గడ్డం గీయించుకున్నాడు. దళపతే గీయించుకుంటే దండు ఊరుకుంటుందా? అరవై గడ్డాలూ నేలరాలాయి. కానీ మూడు రోజుల్లో పిల్లకి ఆ గడ్డం అలవాటైపోయింది. ఇప్పుడది ఏమైందని ఏడ్చింది.

"పళ్లొస్తున్నాయి దానికి," అంది తెయా. "ఏడవక పాడుతుందా?"

ప్రక్రియ జరిగినప్పుడల్లా గడ్డి పీకాలి కదా. తొమ్మిదోసారికి ఏటి ఒడ్డంతా నున్నగా తయారైంది. తెయాకి ఈ స్వాధీనం మీద కొంచెం ఇష్టం కూడా పుట్టింది. "ఏమే షోకో, ఆ చివర కూడా కాస్త పీకమని చెప్పవే ఆయనకి. అక్కడ గుమ్మడి పెట్టాలి."

అప్పటిదాకా షోకో కూడా లోలోపల నవ్వుకుంటూనే ఉంది. పదోసారి తర్వాత బెర్నాల్దినో పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీశాడు.

"ఆదేశం తొంభై నాలుగు," అన్నాడు. "స్థలమందు పరిష్కారము కాని అభ్యంతరమును, అభ్యంతరదారు సమేతముగా, రాజప్రతినిధి నగరమందలి న్యాయస్థానమునకు పంపవలెను."

షోకోకి మాటలన్నీ అర్థమయ్యాయి. అయినా అడిగింది. "అంటే?"

"సదరు మరియా ఇనేస్‌ని ఓడలో నగరానికి తరలిస్తారు. నాలుగు నెలల ప్రయాణం. అక్కడ విచారణ జరుగుతుంది. వివేకం వచ్చే వయసు, అంటే ఏడేళ్లు, నిండాక వాంగ్మూలం తీసుకుంటారు."

"మరి నేను?"

బెర్నాల్దినో పేజీలు తిరగేశాడు. నిజాయితీగానే వెతికాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. "నీ పేరు దస్త్రంలో ఎక్కడా లేదమ్మా. పదిహేనో తారీఖున, ఇదిగో, 'పడమటి నుండి చిరుగాలి'. అది నువ్వే."

"నేను తల్లిని."

"చిరుగాలికి ఓడలో చోటు కేటాయించే ఆదేశం లేదు," అన్నాడాయన. ఆ మాట అన్నాక కాసేపు కాగితం మీదనుంచి తల ఎత్తలేదు.

షోకో పరుగున పాద్రీ దగ్గరకి వెళ్లింది. మోకాళ్లమీద పడింది. "మిగిలిన మూడు సూత్రాలు ఇప్పుడే చెప్పండి. ఇప్పుడే అప్పజెబుతాను. పదకొండు నాకు వచ్చు, కావాలంటే వినండి." గడగడా పదకొండూ అప్పజెప్పింది.

పాద్రీ కళ్లు తుడుచుకున్నాడు. "మంచి జ్ఞాపకం తల్లీ. కానీ పెద్దవాళ్లకి నలభై రోజులు. మధ్యలో మానేసినవాళ్లు మళ్లీ మొదటినుంచి."

ఓడ బయల్దేరేది రేపే.

మర్నాడు ఇద్దరు సైనికులు వచ్చారు. ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు, ఈటెలు చూసి పక్కకి తప్పుకున్నారు. పిల్లని షోకో చేతుల్లోంచి తీసుకున్నారు. ఒక సైనికుడు పిల్లని గిలక్కాయతో సహా ఎత్తుకుని చిన్న పడవవైపు నడిచాడు. షోకో నిలబడిపోయింది. ఇన్ని రోజులూ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్న పిల్ల ఆ సైనికుడి భుజం మీదనుంచి తనవైపే చూస్తోంది.

షోకో అరిచింది.

అది మాట కాదు, తిట్టు కాదు. ఆ గొంతులో అంత కేక ఉందని ఆమెకే తెలియదు. ఏటి మీద కొంగలు లేచిపోయాయి. పదకొండు గుర్రాలూ ముందుకాళ్లు ఎత్తాయి.

బెర్నాల్దినో ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ పుస్తకం తెరిచాడు. ఈదురుగాలి అంటే సరిపోదు. ఆయన నిజాయితీగల లేఖరి. రాశాడు: తుఫాను.

పడవ దగ్గర నిలబడ్డ, ఓడ నడిపే సరంగు వచ్చి, రోజూ చేసే పని ప్రకారం, ఆ పుట చూశాడు. చూసి పడవ తాడు మళ్లీ గుంజకి కట్టేశాడు.

"ఏం చేస్తున్నావ్?" అని గద్దించాడు దోన్ గాస్పార్.

"ఆదేశం పన్నెండు దొరా. దినచర్యలో తుఫాను నమోదై ఉన్నంతసేపు లంగరు ఎత్తరాదు. ఎత్తిన సరంగును ఉరి తీయవలెను." సరంగు మెడ తడుముకున్నాడు.

"ఎండ మాడిపోతోంది కదయ్యా!"

"ఎండ సంగతి నాకు తెలియదు. పుస్తకంలో తుఫాను ఉంది."

తుఫానులో పసిపిల్లల్ని ఒడ్డున ఉంచాలి, పొడిచోట ఉంచాలి. అది ఆదేశం పదమూడు. సైనికుడు పిల్లని వెనక్కి తెచ్చి, ఏం చెయ్యాలో తెలియక, తల్లి చేతుల్లోనే పెట్టాడు. షోకో అరవడం ఆపింది. లేఖరి రాశాడు: గాలి తెరిపి ఇచ్చింది.

షోకో మూడేళ్లే చదివింది. అయినా ఈ లెక్క అర్థం కావడానికి ఆమెకి నాలుగో ఏడు అక్కర్లేకపోయింది. పిల్లని హత్తుకుని అత్తవైపు తిరిగింది. "అత్తా, ఇంక గాలివే నువ్వు. గట్టిగా వీచు."

"ఓస్, అంతేనా!" అంది తెయా, నడుం బిగించి. అది ఆవిడ జీవితమంతా చేస్తున్న పనే.

ఆ రోజు నుంచి పదిహేడు రోజులు, మబ్బు తునక లేని ఆకాశం కింద, ఆ తీరాన ఎన్నడూ కనీవినీ ఎరగని తుఫాను చెలరేగింది. పిల్లని ఎవరైనా తాకితే చాలు, ఊరు ఊరంతా హోరెత్తేది. ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. వంట చేసేవాళ్లు వంట, వీచేవాళ్లు వీచడం. గొంతు పోయినవాళ్లకి తెయా వేడి జావలో తేనె కలిపి ఇచ్చేది. మూడో రోజుకి వేటనుంచి మగవాళ్లు తిరిగొచ్చారు. సంగతేమిటని అడిగారు. చెబితే వాళ్లూ కలిశారు. బొంగురు గొంతులు. బెర్నాల్దినో కొత్త వరుస మొదలుపెట్టాడు: ఉరుములు.

దండు అవస్థ చెప్పనలవి కాదు. ఆదేశం పదిహేను ప్రకారం తుఫాను వేళ సైనికులంతా తోలు కోట్లు తొడుక్కోవాలి. అరవై మందీ ఆ ఎండలో తోలు కోట్లలో ఉడికిపోయారు. గుర్రాల కళ్లకి గంతలు కట్టారు. దోన్ గాస్పార్, చెమట కారుతున్న నున్నటి మొహంతో, పడవ కట్టే గుంజకి తనని తాను తాడుతో కట్టుకుని నిలబడ్డాడు. దళపతి కొట్టుకుపోకూడదని ఆదేశం పదహారు.

"బాబూ, ఇవాళ ఎలా ఉంది వాతావరణం?" అని వేళాకోళం చేసింది తెయా, అటు పోతూ. ఆ ఒక్క వాక్యం ఆయన భాషలో కోడలి దగ్గర నేర్చుకుంది.

పద్దెనిమిదో రోజు దళపతి బతిమాలుకున్నాడు. "బెర్నాల్దినో, నిర్మలం అని రాయి. ఒక్క ముక్క. నీకు పుణ్యముంటుంది."

"లేనిది రాయమంటారా దొరా?" అన్నాడు లేఖరి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు తుఫానుమీద ఉన్నాయి. తుఫాను షోకో రూపంలో కూర్చుని పిల్లకి పాలిస్తోంది. ఆయన మళ్లీ పెట్టె తెరిచాడు. చాలాసేపు వెతికాడు. అవసరమైన దానికంటే ఎక్కువసేపే వెతికినట్టు షోకోకి అనిపించింది.

"పదిహేడు రోజుల నమోదులను పరిశీలించగా," అని చదివాడు, "సదరు మైనరును సముద్రంవైపు తరలించినప్పుడల్లా వాతావరణం క్షీణించుచున్నదనియు, తల్లి... క్షమించాలి, సదరు చిరుగాలి చెంత ఉంచినప్పుడు తెరిపి ఇచ్చుచున్నదనియు తేలినది. కావున మైనరు ప్రయాణమునకు అనర్హురాలు. అట్టి సందర్భమున ఆదేశం నూటతొమ్మిది: మైనరుకు వివేకవయసు వచ్చువరకు సంరక్షకుని స్థలమందే నియమించవలెను. సంరక్షకునికి చదువు వచ్చి ఉండవలెను."

దండులో చదువు వచ్చినవాళ్లు ఇద్దరు. పాద్రీ అప్పటికే ఓడెక్కి కూర్చున్నాడు.

అలా స్పెయిన్ రాజుగారి ఓడ నేల లేకుండా, గడ్డాలు లేకుండా తిరిగి వెళ్లింది. స్వాధీనం 'పరిశీలనలో ఉన్నది' అని దస్త్రం మీద రాశారు. బెర్నాల్దినో పెట్టెతో సహా ఏటి ఒడ్డున ఉండిపోయాడు.

ఊరు ఆయనకి గుడిసె వేసింది. మొదట్లో ఎవరైనా అన్నం తెచ్చిపెడితే, తెచ్చినది ఎవరని రాసుకోవాలో తెలియక తినేవాడు కాదు. తెయా రెండు రోజులు చూసి, మూడోరోజు ముద్దలు చేసి నోట్లో పెట్టింది. ఆయన తిన్నాడు. ఏమీ రాయలేదు.

ఏటేటా వానలు వెలిశాక ఓడ ఒకటి వస్తుంది. ఒడ్డుకి దిగకుండా ఒక ఉత్తరం పంపుతుంది. ఉత్తరంలో ఒకటే ప్రశ్న: మైనరుకు ఏడేళ్లు నిండినవా? నిండితే వాంగ్మూలం నిమిత్తం నగరానికి తీసుకుపోతాం.

బెర్నాల్దినో చక్కటి అక్షరాలతో జవాబు రాస్తాడు. వయసు నిర్ధారణకు పాద్రీ ఇవ్వవలసిన పత్రం ఇంకా అందలేదు, అది అందేవరకు కంటిచూపు అంచనాయే ప్రమాణం, అంచనా ప్రకారం సదరు మైనరుకు నాలుగేళ్లు. ఇసుక చల్లి ఆరబెట్టి ముద్ర వేస్తాడు. వరసగా అయిదేళ్లు అదే రాశాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఆ నాలుగేళ్ల పిల్ల పక్కన నిలబడి, "తాతా, ఈసారి నేను రాస్తాను కలం ఇయ్యి," అని పేచీ పెడుతుంది. ఎలోకి ఈ వానలతో తొమ్మిది నిండాయి. ఈతలో మగపిల్లల్ని ఓడిస్తుంది. ముందుపళ్లు రాలి మళ్లీ వచ్చాయి. అవి మాత్రం ఆయన కంటిచూపుకి ఆనవు.

లేనిది ఎన్నడూ రాయని మనిషి ఆయన. తన చేత్తో రాసిన అబద్ధం అదొక్కటే.

ఈ ఏడు వానల్లో బెర్నాల్దినోకి దగ్గు పట్టుకుంది. చేతి వేళ్లు వణుకుతున్నాయి. ఓడ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. షోకోకి రెండో కాన్పు, నెలలు నిండి గడప దాటలేకుండా ఉంది. తెయాకి మోకాళ్ల నొప్పులు, ఏటి దాకా నడవలేదు. మిగతా ఊరంతా దూరపు చేలల్లో మొక్కజొన్న కోతలకి పోయింది. ఎలోని పంపుదామంటే, ఓడ జనం కంట పడుతుందేమోనని షోకో పంపదు. పొద్దస్తమానం తలుపు దగ్గర కూర్చుని, ఆయన గుడిసె మీద పొగ లేస్తోందా లేదా అని చూస్తూ ఉంటుంది. నిన్నటినుంచి పొగ కనపడలేదు.

మీలో ఎవరైనా అటువైపు వెళ్తుంటే ఒక్కసారి ఆ గుడిసెలో తొంగి చూడండి. బాగున్నాను అంటాడు, అది నమ్మకండి. దగ్గరకి వెళ్లి నుదురుమీద చెయ్యి పెట్టి చూడండి. కుండలో జావ అలాగే ఉంటే, కాస్త వేడి చేసి, పక్కన కూర్చుని తాగించండి. ఎలా ఉన్నాడో వచ్చి షోకోకి ఒక్క మాట చెప్పండి.